శాటిలైట్ కంపెనీలో 25 లక్షలు పెట్టమంటున్నారు, పెట్టొచ్చా?

కావలి_మేతషాపు:

అందరికీ నమస్తే. కావలి దగ్గర రొయ్యల మేత, మందుల షాపు నాది. విషయం సూటిగా చెప్తాను. మా తోడల్లుడి స్నేహితుడు ఇంకో ఇద్దరితో కలిసి చిన్న ఉపగ్రహాలు తయారు చేసే కంపెనీ పెట్టాడు, పేరు ఇక్కడ రాయను. ఇప్పటిదాకా వాళ్లు పైకి పంపింది ఒకటే, అదీ పరీక్ష కోసం పంపిన చిన్న పరికరం. ఇక మీదట ఆరు ఉపగ్రహాలు పంపి, అవి తీసే ఫొటోల నుంచి సమాచారం తీసి బ్యాంకులకు, బీమా కంపెనీలకు, మేత కంపెనీలకు అమ్ముతామంటున్నారు. కోస్తాలో రొయ్యల గుంటలు ఎన్ని నిండి ఉన్నాయి, ఎన్ని ఎండబెట్టారు, ఎక్కడ పంట ముందే పట్టేశారు, ఇవన్నీ పైనుంచే చెప్పేస్తారంట.

పెద్ద ఫండ్ ఒకటి రాబోతోంది, దానికంటే ముందు తెలిసినవాళ్లకి కొంత వాటా ఇస్తాం, కంపెనీ విలువ 80 కోట్లు కట్టాం, ఇప్పుడు 20 కోట్లు తెస్తున్నాం, మనిషికి కనీసం 25 లక్షలు అంటున్నారు. మా వైపు నుంచి పది, పన్నెండు మంది ఉన్నాం. అందరి డబ్బూ ఒకరి ఖాతాలో వేసి, ఆయన పేరు మీద కంపెనీకి కడితే పని సులువని చెప్తున్నారు.

నా దగ్గర డబ్బుంది, ఈమధ్యే బైపాస్ పక్కన ప్లాటు అమ్మాను. పాప ఇంటర్ రెండో సంవత్సరం, వచ్చే ఏడు దాని కాలేజీ ఖర్చు ఉంటుంది. ఆ కుర్రాళ్లు మంచివాళ్లే, రాత్రింబవళ్లు కష్టపడతారు, దాంట్లో నాకు అనుమానం లేదు. షార్ (శ్రీహరికోట ప్రయోగ కేంద్రం) నుంచి రాకెట్ లేస్తే మేడెక్కి చూసే ఊళ్లోవాళ్లం కదా, మనసు కూడా లాగుతోంది. కాకపోతే షాపులో ఒక రైతుకి మేత అప్పివ్వాలంటే నేను గుంట చూస్తాను, విత్తనం ఏ హ్యాచరీ నుంచి తెచ్చాడో అడుగుతాను, పోయిన పంటకి ఎంత కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) పట్టాడో కనుక్కుంటాను. ఈ వ్యాపారంలో ఏం చూడాలో, ఎవర్ని అడగాలో తెలియక టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

సూళ్లూరుపేట_శ్రీను:

అన్నా, షార్‌లో కాంట్రాక్టు మీద చాలా కాలం పని చేశాను. (జిల్లా తిరుపతి అయిపోయింది గానీ మాకింకా నెల్లూరు షారే.) లోపలి విషయాలు ఏమీ చెప్పను, పేపర్లో వచ్చినవే చెప్తాను.

అందరూ ముందు రాకెట్ గురించే భయపడతారు, భయపడాల్సిందే. మన దగ్గర ఎక్కువ నమ్మకమున్న రాకెట్ పీఎస్‌ఎల్‌వీ. అదే 2025 మే 18న సీ61 ప్రయోగంలో మూడో దశలో ఇబ్బంది వచ్చి ఈఓఎస్-09 ఉపగ్రహం పోయింది. 2026 జనవరి 12న సీ62 కూడా మూడో దశ దగ్గరే దారి తప్పింది, ఈసారి పెద్ద ఉపగ్రహంతో పాటు చిన్న కంపెనీలు పంపుకున్నవీ పోయాయి. ఇస్రో అయితే ఇంకోటి కట్టుకుంటుంది. ఒకే ఒక్క ఉపగ్రహం చేతిలో పెట్టుకుని, ఇంకో ఏడాదికి సరిపడా జీతాల డబ్బుతో బతుకుతున్న కంపెనీకి ఆ పొద్దున ఏమవుతుందో ఆలోచించు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు, రాకెట్ బాగా వెళ్లినా పని అయిపోయినట్టు కాదు. 2025 జనవరి 29న షార్ నుంచి వందో ప్రయోగం, అందరం చప్పట్లు కొట్టాం, జీఎస్‌ఎల్‌వీ పని అది చక్కగా చేసింది. తీరా చూస్తే ఎన్‌వీఎస్-02 ఉపగ్రహంలో ఇంజను మండించడానికి ఆక్సిడైజర్ (ఇంధనం మండటానికి కావాల్సిన పదార్థం) వెళ్లే వాల్వు తెరుచుకోలేదు, ఉపగ్రహం అనుకున్న కక్ష్యకు చేరలేదు. 2022 ఫిబ్రవరిలో స్టార్‌లింక్ వాళ్లు 49 ఉపగ్రహాలు పంపితే ఆ వెంటనే సౌర తుపాను వచ్చి వాతావరణం పైదాకా ఉబ్బింది, 40 దాకా కిందకి వచ్చి కాలిపోయాయి. వాళ్లకి అదొక వారం నష్టం, అంతే. ఆరు ఉపగ్రహాల కంపెనీకి అదే జరిగితే మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

కాబట్టి ఆ కుర్రాళ్లను ఇవి అడుగు. ఏ రాకెట్ మీద వెళ్తున్నారు, ఒప్పందం సంతకం అయిందా, లేక మాటల్లోనే ఉందా? ప్రయోగం ఏడాది వెనక్కి పోతే జీతాలు ఎక్కడి నుంచి ఇస్తారు? వెనక్కి పోవడం ఈ రంగంలో మామూలు, ముందుకి రావడం నేను చూడలేదు. మొదటిది పోతే రెండోది షెడ్డులో రెడీగా ఉంటుందా? బీమా ఉందా? చిన్న ఉపగ్రహాలకి చాలామంది బీమా చేయించరు, ప్రీమియం భారం మోయలేక. ఇన్‌స్పేస్ (ప్రైవేటు అంతరిక్ష కంపెనీలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) నుంచి ఈ ఆరింటికీ అనుమతి వచ్చిందా, సిగ్నల్ పంపడానికి ఫ్రీక్వెన్సీ వచ్చిందా? పరీక్షకు పంపినదానికి వచ్చిన కాగితం చూపించి ఇదే అంటారేమో, జాగ్రత్త.

చివరగా ఆయుష్షు. 500 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే చిన్న ఉపగ్రహం దాదాపు అయిదేళ్లు పనిచేస్తే మంచిదే అనుకుంటారు. అంటే ఆరు పంపితే ఖర్చు తీరిపోయినట్టు కాదన్నా, అయిదేళ్లకి మళ్లీ ఆరు పంపాలి. వాళ్ల లెక్కల షీట్లో ఆ రెండో ఆరు ఎక్కడైనా ఉన్నాయేమో చూడు.

కొత్తపట్నం_రైతు:

తమ్ముడూ, నేను రొయ్యలు వేసేవాణ్ణి, సముద్రం పక్కన పదెకరాల గుంటలు. రాకెట్ సంగతి నాకు తెలియదు, వాళ్లు ఎవరికి అమ్ముతామంటున్నారో ఆ సంగతి చెప్తాను.

రైతు డబ్బు పోగొట్టుకునేది తెల్లవారుజామున. మూడు, నాలుగు గంటలప్పుడు నీళ్లలో డీఓ, అంటే కరిగిన ఆక్సిజన్, పడిపోతుంది, రొయ్య పైకి తేలి గట్టు వెంబడి తిరుగుతుంది, గాలి కలిపే ఏరేటర్ ఒకటి ఆగితే పొద్దున్నకి గుంట ఖాళీ. చెక్ ట్రే ఎత్తితే మేత మిగిలిందా, రొయ్య పేగు నిండి ఉందా, తోక ఎర్రబడిందా, ఇవి కనిపిస్తాయి. వైట్ స్పాట్ జబ్బు వచ్చిందంటే మాకు తెలిసేది గట్టు మీదే. ఇందులో ఒక్కటి కూడా పైనుంచి ఫొటోలో పడదు. గుంట నిండి ఉందో ఎండి ఉందో చెప్పడానికి నేను వాళ్లకి పైసా ఇవ్వను, అది నాకే తెలుసు.

మా ఊళ్లో వేటకి పోయేవాళ్లకి హైదరాబాద్ ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సంస్థ) నుంచి చేపలు ఎక్కడ దొరుకుతాయో ఎప్పటినుంచో ఉచితంగా చెప్తున్నారు, సముద్రం వేడి, నీటి రంగు ఉపగ్రహంతో చూసి. వేట నిషేధం ఉన్నప్పుడు, మబ్బు రోజుల్లో రాదు, మిగతా రోజుల్లో వస్తుంది. ఉచితంగా వచ్చేదాన్ని డబ్బుకి అమ్మాలంటే ఏదో పెద్ద తేడా ఉండాలి. ఆ తేడా ఏంటో అడుగు. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు రేటు పడి మేం పంట వేయాలా మానాలా అని కూర్చున్నాం, అలాంటి ఏడాది మేత కంపెనీ కూడా ముందు ఇలాంటి ఖర్చులే కోస్తుంది. నువ్వు మేత అమ్మేవాడివి, నీకు నేను చెప్పాలా.

ఒంగోలు_నుంచి_బెంగళూరు:

కొత్తపట్నం బాబాయ్ చెప్పింది నిజమే గానీ సగమే. నేను ఉపగ్రహ చిత్రాల మీదే పనిచేస్తాను, పంటల అంచనాలు కట్టే టీమ్‌లో. రైతు కొనడు, ఒప్పుకుంటాను. కొనేది రైతుకి అప్పిచ్చేవాడు, బీమా ఇచ్చేవాడు, ప్రభుత్వం. వెయ్యి గుంటలకి మనిషిని పంపి చూడలేనివాడే డబ్బిస్తాడు.

అయితే ఒక లెక్క చూడండి. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాలు 10 మీటర్ల స్పష్టతతో సుమారు అయిదు రోజులకోసారి ఫొటో ఇస్తాయి, పూర్తిగా ఉచితం, ఎవరైనా దించుకోవచ్చు. ఎకరం గుంట అంటే దాదాపు 4,047 చదరపు మీటర్లు, ఆ ఫొటోలో 40 చుక్కలు పడతాయి. నీళ్లున్నాయా లేవా చెప్పడానికి 40 చుక్కలు ధారాళంగా సరిపోతాయి. మన మేతషాపు అన్న చెప్పినవి చూస్తే, నిండిన గుంటలు, ఎండిన గుంటలు, ముందే పట్టేసినవి, ఇవన్నీ ఈరోజే ఉచిత ఫొటోతో చేయొచ్చు. దానికి సొంత ఉపగ్రహం ఎందుకు? ఇంతకంటే ఎక్కువ ఏం చూపిస్తారు వాళ్లు? నీటిలో నాచు రకాలు తేల్చే హైపర్‌స్పెక్ట్రల్ కెమెరానా, మబ్బుల్లోంచి చూసే రాడారా? మామూలు కెమెరా అయితే మన జిల్లాలకి పెద్ద చిక్కు ఉంది. మనకి గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు. తుపాను వచ్చి గుంటలు మునిగినప్పుడే కదా బీమా కంపెనీకి ఫొటో కావాలి, సరిగ్గా అప్పుడే పైనంతా మబ్బు. రాడార్ ఉంటే తప్ప కనిపించదు, ఆ రాడార్ ఫొటోలు కూడా సెంటినెల్-1 ఉచితంగానే ఇస్తోంది.

ఇప్పుడు రెండో వైపు, ఎందుకంటే ఈ రంగం వట్టిదని ఎవరైనా అనుకుంటే నాకు బాధగా ఉంటుంది. ఒకసారి ఉపగ్రహం పైకి చేరి పనిచేయడం మొదలుపెడితే, అదే ఫొటో పదిమందికి అమ్మొచ్చు, పదకొండో వాడికి అమ్మడానికి అదనంగా అయ్యే ఖర్చు చాలా తక్కువ. మన దేశంలో తలుపులు నిజంగానే తెరుచుకున్నాయి. 2020లో ఇన్‌స్పేస్ పెట్టారు, 2022 నవంబరులో ప్రైవేటు కంపెనీ స్కైరూట్ రాకెట్ షార్ నుంచే ఎగిరింది, 2024 మే నెలలో అగ్నికుల్ అక్కడే సొంత ప్రయోగ వేదిక నుంచి పంపింది. 2024లో విదేశీ పెట్టుబడి నిబంధనలు సడలించారు, ఉపగ్రహాల తయారీకి 74 శాతం దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. అదే ఏడాది అంతరిక్ష స్టార్టప్‌ల కోసం 1,000 కోట్ల ఫండ్‌కి కేంద్రం ఒప్పుకుంది. 2025లో పిక్సెల్, ధ్రువ స్పేస్, శాట్‌ష్యూర్, పియర్‌సైట్ కలిసిన బృందానికి 12 ఉపగ్రహాల వరుస కట్టే అవకాశం వచ్చింది, 1,200 కోట్ల పైన పెట్టుబడి. మంచి కంపెనీలు ఉన్నాయి, రేపు ఇంకా వస్తాయి.

అక్కడే ఇంకో ప్రశ్న పుడుతుంది. ఆ పెద్ద బృందం అదే పని చేస్తుంటే మీ కుర్రాళ్ల దగ్గర ప్రత్యేకంగా ఏముంది? వాళ్లకి సంతకం పెట్టిన ఖాతాదారు ఒక్కడైనా ఉన్నాడా? ‘ఆసక్తి చూపారు’ అనే ఉత్తరాలు నేను చాలా చూశాను, వాటితో జీతాలు రావు.

పాత కథ ఒకటి చెప్తాను, ఈ రంగంలో డబ్బు పెట్టేవాళ్లందరూ తెలుసుకోవాల్సింది. ఇరిడియం కంపెనీ దాదాపు 500 కోట్ల డాలర్లు పెట్టి ఉపగ్రహ ఫోన్ల వ్యవస్థ కట్టింది. 1998 నవంబరులో సేవ మొదలైంది, 1999 ఆగస్టులో దివాళా. ఉపగ్రహాలకి ఏ జబ్బూ లేదు, చక్కగా పనిచేశాయి, ఫోన్ బరువుగా ఉంది, ఖరీదెక్కువ, ఈలోపు మామూలు సెల్‌ఫోన్లు ఊరూరా వచ్చేశాయి. మొత్తం ఆస్తిని తర్వాత సుమారు రెండున్నర కోట్ల డాలర్లకి వేరేవాళ్లు కొన్నారు, ఇప్పటికీ నడుస్తోంది. వన్‌వెబ్ అనే ఉపగ్రహ ఇంటర్నెట్ కంపెనీ కూడా 2020 మార్చిలో దివాళాకి వెళ్లింది, భారతీ గ్రూపు, బ్రిటన్ ప్రభుత్వం కలిసి కొన్నాయి, తర్వాత దాని ఉపగ్రహాలు 72 మన షార్ నుంచే 2022, 2023లో రెండు విడతలుగా వెళ్లాయి. మీలో కొందరు మేడెక్కి చూసింది అవే. వ్యవస్థ బతికింది, మొదట డబ్బు పెట్టినవాళ్ల వాటా మాత్రం తుడిచిపెట్టుకుపోయింది. ఉపగ్రహం పనిచేయడం వేరు, మొదటి పెట్టుబడిదారుడికి డబ్బు తిరిగి రావడం వేరు.

నెల్లూరు_ఆడిటర్:

నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని, నెల్లూరులోనే ప్రాక్టీసు. పైవాళ్లు టెక్నాలజీ చెప్పారు కాబట్టి నేను కాగితాల దగ్గరే ఉంటాను, కానీ అన్నిటికంటే ముందు ఒక మాట: అందరి డబ్బూ ఒకరి ఖాతాలో వేయడం అన్నారే, అది మాత్రం ఒప్పుకోకండి. ఎంత దగ్గరి బంధువైనా సరే. షేర్లు ఆయన పేరు మీద వస్తాయి, కంపెనీ దృష్టిలో మీరు లేరు. రేపు ఆయనకి ఏదైనా అయితే మీరు వాళ్ల వారసుల చుట్టూ తిరగాలి. నా దగ్గరికి ఇలాంటి కేసే ఒకటి వచ్చింది, వేరే వ్యాపారంలో. డబ్బు తీసుకున్న పెద్దాయన కాలం చేశాడు, ఇచ్చిన ఎనిమిది మంది దగ్గరా వాట్సాప్ మెసేజీలు తప్ప ఇంకే ఆధారం లేదు.

చట్టం కూడా అలా ఒప్పుకోదు. ప్రైవేటు కంపెనీ షేర్లు అమ్మాలంటే ఎవరికి ఇస్తున్నారో వారి పేరు మీద పీఏఎస్-4 అనే ఆఫర్ లెటర్ రావాలి. డబ్బు మీ సొంత బ్యాంకు ఖాతా నుంచే, కంపెనీ ఇందుకోసం తెరిచిన విడి ఖాతాలోకి వెళ్లాలి, నగదు కుదరదు. డబ్బు అందిన 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి, కేటాయించిన 15 రోజుల్లో పీఏఎస్-3 అనే కేటాయింపు వివరాల పత్రం ప్రభుత్వానికి దాఖలు చేయాలి, అది దాఖలు చేసేదాకా ఆ డబ్బు కంపెనీ ముట్టుకోకూడదు. చట్టం చెప్పే ‘చిన్న కంపెనీ’ కోవలోకి రాకపోతే షేర్లు డీమ్యాట్‌లోనే ఇవ్వాలి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కొద్దిపాటి ఫీజు కడితే ఆ కంపెనీ బ్యాలెన్స్ షీట్లు, డైరెక్టర్ల వివరాలు, తాకట్టులో ఏమున్నాయో అన్నీ దొరుకుతాయి. వాళ్లు చూపించే స్లైడ్ల కంటే ముందు అవి తెచ్చుకుని చదవండి, చదవడం రాకపోతే ఎవరైనా ఆడిటర్ దగ్గర కూర్చోండి.

ఇక లాభం లెక్క. 80 కోట్ల విలువకి 20 కోట్లు వస్తే మొత్తం 100 కోట్లు, మీ 25 లక్షలకి పావు శాతం. అక్కడితో ఆగదు, ఉపగ్రహాలు కట్టాలంటే మళ్లీ మళ్లీ డబ్బు తేవాలి. ఇంకో మూడు విడతలు తెచ్చి, విడతకి 20 శాతం కొత్తవాళ్లకి ఇచ్చారనుకోండి, మీ పావు శాతం 0.128 అవుతుంది. ఎనిమిదేళ్లకి అంతా బాగా జరిగి కంపెనీ 500 కోట్లకి అమ్ముడైందనుకుందాం. మీకు వచ్చేది 64 లక్షలు. ఏడాదికి పన్నెండున్నర శాతం లెక్క పడుతుంది, ఆ తర్వాత పన్ను. రాకెట్ పేలకుండా, ఖాతాదారులు దొరికి, అయిదు రెట్ల విలువకి అమ్ముడైతే వచ్చేది ఇది. ఇంత రిస్కుకి ఇది చాలా అని మీరే ఆలోచించండి. 500 బదులు 2,000 కోట్లు అయితే కథ మారుతుంది, అలాంటివీ ఉంటాయి, కాదనను.

ఇంకొకటి, ‘పెద్ద ఫండ్ వస్తోంది’ అన్నారు. ఫండ్లు మామూలు షేర్లు తీసుకోవు, ప్రిఫరెన్స్ షేర్లు తీసుకుంటాయి, కంపెనీ అమ్ముడైతే ముందు వాళ్ల డబ్బు వాళ్లకి వెళ్లేలా షరతు రాయించుకుంటాయి. ఫండ్లు 90 కోట్లు పెట్టిన కంపెనీ 60 కోట్లకి అమ్ముడైతే మామూలు షేర్లున్న మీకు సున్నా. మీకిచ్చేది ఏ రకం షేరో, వాటాదారుల ఒప్పందంలో మీ పేరు ఉంటుందో లేదో రాతపూర్వకంగా అడగండి. మీరు బయటపడాలంటే ఎవరికి అమ్ముకోవాలో కూడా అందులోనే చూడండి, ప్రైవేటు కంపెనీ షేరు రేపు అవసరం వచ్చిందని అమ్ముకునేది కాదు.

ప్లాటు సంగతి కూడా. చాలాకాలం ఉంచుకుని అమ్మిన స్థలమైతే వచ్చిన లాభం మీద పన్నుంటుంది. అమ్మిన 6 నెలల్లోపు ఆర్‌ఈసీ లాంటి ప్రభుత్వ సంస్థల బాండ్లలో పెడితే 50 లక్షల దాకా మినహాయింపు ఉంది, అయిదేళ్లు తీయకూడదు. షేర్లలో పెడితే ఆ మినహాయింపు రాదు. ముందు ఆ పన్ను పక్కన పెట్టి, పాప చదువు డబ్బు పక్కన పెట్టి, మిగిలినదాని గురించి మాట్లాడదాం.

సూళ్లూరుపేట_శ్రీను:

మేడమ్ చెప్పినదానికి చిన్న జోడింపు. ప్రభుత్వం వైపు నుంచి వచ్చే రిస్కు కూడా ఉంటుంది. ఇస్రో వ్యాపార విభాగం ఆంట్రిక్స్, ప్రైవేటు కంపెనీ దేవాస్ మధ్య ఒప్పందం 2005లో జరిగితే 2011లో కేంద్రం రద్దు చేసింది, ఆ తర్వాత ఏళ్ల తరబడి కోర్టులు, మధ్యవర్తుల దగ్గర నడిచింది. అంతరిక్షంలో స్పెక్ట్రం, అనుమతులు అన్నీ ప్రభుత్వం చేతిలో ఉంటాయి, పెద్ద ఖాతాదారు కూడా ప్రభుత్వమే. బిల్లు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, మన రోడ్డు కాంట్రాక్టర్లని అడిగినా చెప్తారు.

కావలి_మేతషాపు:

అందరికీ చాలా థాంక్స్. మీరు రాసినవన్నీ కాగితం మీద రాసుకుని ఆ కుర్రాళ్లతో ఫోన్లో కూర్చున్నాను. నొచ్చుకోలేదు, సమాధానాలు చెప్పారు, అది నాకు నచ్చింది. రాకెట్ ఒప్పందం మొదటి రెండింటికే అయింది, మిగతా నాలుగింటికి కాలేదు. అనుమతులు దరఖాస్తు దశలో ఉన్నాయి. బీమా లేదు. కెమెరా మామూలుదే, రాడార్ కాదు, మబ్బు రోజుల్లో సెంటినెల్ రాడార్ ఫొటోలే కలుపుతామన్నారు. డబ్బు కట్టే ఖాతాదారు ఒకరున్నారు, ఒక బ్యాంకు, ప్రయోగాత్మకంగా ఒక మండలం వరకు. ఆ పనికి ఇప్పుడు వాడుతున్నది ఉచిత ఫొటోలే అని వాళ్లే చెప్పారు. అయిదేళ్ల తర్వాత పంపాల్సిన ఉపగ్రహాల ఖర్చు షీట్లో లేదు, చేరుస్తామన్నారు. షేర్లు మామూలువే, ఫండ్‌కి మాత్రం ప్రిఫరెన్స్.

ఒంగోలు_నుంచి_బెంగళూరు:

అన్నా, నిజాయితీగా చెప్పారంటే మంచివాళ్లే. నాకు ఇందులో ఆశ కలిగించేది ఆ బ్యాంకు పని. ఉచిత ఫొటోలతో చేసి డబ్బు తెచ్చుకుంటున్నారంటే వాళ్ల బలం విశ్లేషణలో ఉంది, ఉపగ్రహంలో కాదు. ఆ బ్యాంకు రెండో మండలానికి, మూడో మండలానికి ఒప్పందం పెంచుతుందేమో చూడండి. పెంచితే ఇదే కంపెనీలో తర్వాతి విడతలో కాస్త ఎక్కువ ధరకి కొన్నా నష్టం లేదు, అప్పటికి సగం రిస్కు తీరిపోయి ఉంటుంది.

కొత్తపట్నం_రైతు:

అది సబబు. ఆ బ్యాంకు వాళ్ల ఫీల్డ్ ఆఫీసర్‌ని కూడా ఒకసారి కలువు తమ్ముడూ. పైనుంచి వచ్చిన లెక్క, గట్టు మీద తను చూసిన లెక్క ఎంత దగ్గరగా ఉన్నాయో అతనికి తెలుస్తుంది. రెండు గుంటలు తప్పు చెప్పినా రైతుకి అప్పు ఆగిపోతుంది, ఆ కోపం బ్యాంకు మీదికి, బ్యాంకు నుంచి ఈ కంపెనీ మీదికి వస్తుంది.

కావలి_మేతషాపు:

ఫీల్డ్ ఆఫీసర్ మా షాపుకి వచ్చేవాడే, వచ్చే వారం అడుగుతాను. మావాళ్లకి ఒక ఖాతాలో వేయడం కుదరదని చెప్పేశాను, ఇద్దరు అలిగారు, నలుగురు నా మాటే అన్నారు. 25 అయితే పెట్టను. 5 లక్షలు నా పేరు మీద, ఆఫర్ లెటర్ నా పేరుతో వస్తే, అనుమతులు వచ్చాక పెడతానన్నాను, కనీస మొత్తం తగ్గిస్తారో లేదో వాళ్ల బోర్డులో మాట్లాడి చెప్తామన్నారు. మేడమ్, బాండ్ల విషయం మాట్లాడాలి, ప్లాటు రిజిస్ట్రేషన్ అయి నాలుగు నెలలు దాటింది.

నెల్లూరు_ఆడిటర్:

అయితే ఆలస్యం చేయకండి, ఉన్నది రెండు నెలల లోపే. అమ్మిన దస్తావేజు, కొన్న దస్తావేజు, మధ్యలో ప్రహరీ లాంటివి ఏమైనా కట్టి ఉంటే ఆ రసీదులు తీసుకుని మీ ఆడిటర్ దగ్గరికి ఈ వారమే వెళ్లండి. కంపెనీ ఆఫర్ లెటర్ వస్తే సంతకం పెట్టే ముందు ఇక్కడ రాయండి, పేర్లు తీసేసి షరతులు మాత్రం పెట్టండి, చూసి చెప్తాను.